పెద్దావిడకు సరిపడా నీలం

చిట్టితల్లికి,

మీ అమ్మ దీవించి రాస్తున్నది. ఇక్కడ నేను బాగున్నాను, కుట్టు పెద్దమ్మ బాగుంది, నీ నారింజ చేపలు రెండూ బాగున్నాయి, నీళ్ల మోటారు కూడా గురక పెట్టకుండా తిరుగుతోంది. నువ్వూ, నీ ఓడా, ఓడలో నీతోపాటు సముద్రం లోతు కొలుస్తున్న వాళ్లందరూ కులాసాగా ఉన్నారని తలుస్తున్నాను. పగడాల క్షేమం మాత్రం ఈ వరుసలో కలపలేదు. ఆ సంగతి కింద విడిగా రాశాను. ముందే కిందికి దూకి చదవకు, వరుసగా రా. అక్షరాలు గీత దాటి పైకీ కిందికీ పోతున్నాయని ఈపాటికి గమనించే ఉంటావు. దానికీ కారణం ఉంది, అదీ చెబుతాను.

నీ ఉత్తరం సామాన్ల పడవెక్కి ఒడ్డుకు చేరి, అక్కడినుంచి పోస్టులో తిరిగి తిరిగి ఇరవై రెండు రోజులకు నా చేతికొచ్చింది. అందులో ఐదు ప్రశ్నలున్నాయి. నాలుగింటికి జవాబు వెంటనే రాసేదాన్నే. ఐదోది చదివాక ఉత్తరం మడిచి బల్ల సొరుగులో పెట్టి, మూడు రోజులు ఆ సొరుగు తెరవలేదు.

వేళకు తింటున్నావా అన్నావు. తింటున్నాను. ఈ మధ్య నా ఇష్టాయిష్టాలతో పని లేదు, పెద్దమ్మ కంచం ముందు పెట్టి నేను ముగించేదాకా ఎదురుగా కూర్చుంటోంది. మా నాటకశాల కుట్టుగదిలో చిన్నప్పుడు నీ బొమ్మకు గౌను కుట్టిచ్చిన పెద్దమ్మే, ఇప్పటికీ అక్కడే వేషాలు కుడుతోంది. పన్నెండు రోజులుగా మకాం మనింట్లోనే. ఎందుకని అప్పుడే అడగకు. వంటింటి కుళాయి కారుతోందా అన్నావు. లేదు, నేనే విప్పి వాషరు మార్చాను. నిచ్చెనలెక్కుతున్నావా అన్నావు. నెల దాటింది, ఒక్క మెట్టు కూడా ఎక్కలేదు. నా మాట మీద నీకు అనుమానమొస్తే పెద్దమ్మ చేత సంతకం పెట్టించి పంపుతాను.

ఇక నాలుగోది, లైటు. కిందటి రెండు ఉత్తరాల్లోనూ "కొత్త లైటు కొన్నాను, బాగుంది" అని ఒక్క ముక్క రాసి తప్పించుకున్నాను. నువ్వు ఊరుకోలేదు. ఏ రకం, ఎంత ఎత్తులో కట్టావు, ఎన్ని గంటలు వేస్తున్నావు, ఏ రంగు ఎంత అని గుచ్చి గుచ్చి అడిగావు. నా కూతురివి మరి.

నువ్వు వెళ్లిన రెండో నెలలో నీ పాత గొట్టాల లైటు పోయింది. ముందు రెండు గొట్టాలు ఆరిపోయాయి. తర్వాత ఉప్పు పట్టి, చిలుమెక్కి, మిగతా నాలుగూ వాటి దారి పట్టాయి. ఆ రకం గొట్టాలు ఇప్పుడు తయారు చేయడం లేదట. సరే, ముప్పై ఒక్క ఏళ్లుగా రంగస్థలం మీద లైట్లు వేస్తున్నదాన్ని, నన్ను సొంత పేరుతో కాక లైట్లమ్మా అనే పిలుస్తారు అందరూ, నాలుగడుగుల గాజుతొట్టికి లైటు పెట్టడం నాకో పనా అనుకున్నాను. నాటకశాల స్టోరులో మూలపడున్న ఫోకస్ లైటు ఒకటి అడిగి తెచ్చి తొట్టిపైన కట్టాను. ఎంత బాగుందనుకున్నావు! రాళ్ల మీద వెలుగు పాయలు పాయలుగా కదిలింది. కుర్చీ వేసుకుని ప్రేక్షకురాలిలా కూర్చున్నాను. రెండు గంటల్లో నీళ్లు వేడెక్కి, చేపలు రెండూ పైకొచ్చి నోళ్లు తెరిచి నా మొహంలోకి చూశాయి. పరుగున తీసేశాను. నవ్వుతావని ఇది నీకు రాయలేదు. ఇప్పుడు నవ్వేసుకో, ఇకముందు నవ్వడానికి అంతగా ఏమీ లేదు.

అప్పుడు నువ్వు పగడాలు కొనే షాపాయన దగ్గరికి వెళ్లాను. ఆయన లైట్లేవీ చూపించకుండా ముందు ఒక ప్రశ్న వేశాడు.

"లైటు దేనికమ్మా? చూడ్డానికా, పెంచడానికా?"

"రెండూ ఒకటి కాదా?" అన్నాను.

"కాదమ్మా. మనకి లైటు కనబడడానికి. వాటికి లైటు తినడానికి. వాటి ఒంట్లో కంటికి కనబడని నాచు ఉంటుంది. అది లైటు తీసుకుని వండిపెడితే పగడం తింటుంది. లైటు చాలకపోతే పస్తు. మరీ ఎక్కువైతే ఆ నాచుకే ఒళ్లు మండిపోతుంది. అప్పుడు పగడం దాన్ని బయటికి తోసేసి తెల్లగా పాలిపోతుంది. అక్కడినుంచి కోలుకోవడం కష్టం."

మనిషి ఓపిగ్గా చెప్పాడు. గొట్టాల లైటయితే నీడల్లేకుండా తొట్టంతా సమానంగా పరుచుకుంటుంది గానీ ఏడాదికోసారి గొట్టాలు మార్చాలి. ఎల్‌ఈడీ అయితే ఏళ్ల తరబడి వస్తుంది, తెలుపూ నీలమూ వేరువేరుగా తిప్పుకోవచ్చు, కానీ వెలుగంతా ఒకచోటే గుచ్చుతుంది. పెద్దది ఒక్కటి కొంటే నడిమధ్య మాడ్చి మూలల్ని పస్తు పెడుతుంది, చిన్నవి రెండు కొని ఒకదాని వెలుగు ఇంకోదాని మీద పడేలా కట్టుకోమన్నాడు. ఈ మాట నాకు ఇట్టే ఎక్కింది. రంగస్థలం మీద మేం చేసేదీ అదే, ఒకే దీపం కింద నటుణ్ని నిలబెడితే కళ్లకింద గుంటలు పడతాయి. రెండు ఎల్‌ఈడీలు తీసుకున్నాను. నీళ్లకు అడుగు ఎత్తున, పైకప్పు కొక్కేనికి కప్పీ వేసి, పైకీ కిందికీ లాగేలా కట్టాను. పొద్దున గంటసేపు మెల్లగా వెలిగి, ఎనిమిది గంటలు నిండుగా ఉండి, మళ్లీ గంటసేపు మెల్లగా ఆరేలా పెట్టాను. ఇంతవరకూ నేను చేసినదాంట్లో నువ్వు తప్పు పట్టలేవు.

నీలం నూటికి నలభై ఐదు, తెలుపు పదిహేను అని ఆయన చీటీ రాసిచ్చాడు. మూడు వారాలు ముట్టుకోవద్దన్నాడు. తర్వాత పెంచినా వారానికి ఐదేసి, అదీ మీటరు పెట్టి చూశాకే అన్నాడు. ఆయన దగ్గరున్న మీటరును వారానికి అద్దెకిస్తాడట. నాకు మీటరా! సంచీలోంచి నా మీటరు తీసి బల్ల మీద పెట్టాను. దాంతో ఎన్ని నాటకాలకు లైట్లు కొలిచానో లెక్క లేదు.

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "మంచిదే గానీ, ఇది మనిషి కంటికి తగ్గట్టు చేసింది అమ్మా. నీలం దీనికి సరిగ్గా ఆనదు" అన్నాడు.

"దీనికి ఆనకపోతే నా కంటికి ఆనుతుందిలే" అని చెప్పి వచ్చేశాను. నాకు నిజంగానే కళ్లు నెత్తికెక్కాయి తల్లీ.

ఇంటికొచ్చి ఆయన చెప్పినట్టే పెట్టాను. తొట్టి మసక మసకగా, మురికినీళ్ల రంగులో కనిపించింది. నీలం ఏదీ అనుకున్నాను. వారం ఓపిక పట్టి యాభై ఐదు చేశాను. నా అలవాటు నీకు తెలుసు కదా, వెనక వరుసలో కూర్చుని, కళ్లు సగం మూసి, కంటికి నచ్చేదాకా పెంచుతూ పోవడం. నాటకానికి అలాగే చేస్తాం. డెబ్బై చేశాను. కొమ్ముల పగడం చివర్లు తెల్లబడ్డాయి. చివర్లు తెల్లగా ఉంటే పెరుగుతున్నట్టని నువ్వే ఒకసారి చెప్పావు, అది గుర్తొచ్చి సంబరపడ్డాను. తర్వాత మన పెద్దావిడ, నీళ్లలో చేతులూపే నీ పెద్ద పగడం, ఆ చేతులు లోపలికి ముడుచుకుంది. వెలుగు చాలక ఆకలితో ముడుచుకుందనుకున్నాను. నీలం ఎనభై ఐదు చేశాను.

నీ ఐదో ప్రశ్న ఇక్కడికే వస్తుంది. నీ మాటలు అలాగే రాస్తున్నాను, ఎందుకంటే అవి నాకు నోటికొచ్చేశాయి. "పెద్దావిడ ఎలా ఉంది? పదకొండు తలలూ విచ్చుకుంటున్నాయా? చివర్ల ఊదారంగు అలాగే ఉందా? నీ కన్ను ఉండగా నాకు బెంగ లేదమ్మా, నీ కన్నే నాకు మీటరు."

తొమ్మిదేళ్ల కిందట నీ మొదటి జీతంతో ఆవిడను రెండు తలల ముక్కగా, నీళ్ల సంచీలో పెట్టుకుని, బస్సులో ఒళ్లో కూర్చోబెట్టుకుని తెచ్చావు. రెండు నాలుగయ్యాయి, నాలుగు ఏడయ్యాయి. పదకొండో తల విడివడిన రోజు నాటకశాలకు ఫోన్ చేసి, లైటు బోర్డు ముందున్న నన్ను పిలిపించి మరీ చెప్పావు. నేనేమో కిందటి రెండు ఉత్తరాల్లోనూ "పెద్దావిడ దివ్యంగా ఉంది, ఊదారంగు నిగనిగలాడుతోంది" అని రాశాను. మొదటిసారి రాసేటప్పటికి ఆవిడ చేతులు సగం ముడుచుకునే ఉన్నాయి. రెండోసారి రాసేటప్పటికి నాలుగు తలలు తెల్లటి ఎముక తేలి ఉన్నాయి. నేను అబద్ధం రాశాను. ఓడలో నీకు ఫోను పనిచేయదు కాబట్టి సరిపోయింది గానీ, ఒక్క ఫొటో పంపమన్నా నా గుట్టు అప్పుడే రట్టయ్యేది.

అది నేను కట్టుకున్న లైటు వల్లేనని నాకప్పటికి తట్టలేదు. నీళ్లలో ఏదో తేడా ఉందనుకున్నాను, ఉప్పు కొలిచాను, నీళ్లు మార్చాను, మోటారును తిట్టాను. అన్నిటినీ అనుమానించాను, నన్ను తప్ప.

ఈలోగా నాటకశాలలో ఇంకోటి జరిగింది. కొత్త నాటకం రెండో అంకం చివర, తండ్రీ కొడుకూ మాట్లాడుకోకుండా గుమ్మంలో కూర్చునే ఘట్టం ఉంది. దానికి పలచటి సాయంకాలపు నీలం వేయాలి. వేశాను. దర్శకుడు సీట్లోంచి లేచి నిలబడి, "అమ్మా, వీళ్లు గుమ్మంలో కూర్చున్నారా, చెరువులో మునిగారా?" అన్నాడు. అందరూ గొల్లున నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. నువ్వు పుట్టకముందు నుంచీ నీలం వేస్తున్నాను బాబూ అన్నాను. దీపాలు కొత్తవి, వాటి తప్పన్నాను, బోర్డు తప్పన్నాను. పాపం, కుర్రవాడు సర్దుకుని కూర్చున్నాడు. నేను మాత్రం ఒక్క గీత కూడా తగ్గించలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఇంకా ఉడుకుతూనే కుట్టుగదికి వెళ్లాను. పెద్దమ్మ నీలం చొక్కాలకు గుండీలు కుడుతోంది. చేతులు ఊరికే ఉండలేక నేనూ సూది అందుకున్నాను. మూడు చొక్కాలయ్యాక ఆవిడ ఒకటి తీసి కిటికీ వైపు పట్టుకుంది.

"నల్లదారంతో కుట్టావేమే?"

"నీలమేగా అక్కా."

"ఏదీ, ఈ రెండు ఉండల్లో నీలం ఏదో చెప్పు."

చూశాను. దగ్గరగా పెట్టుకుని చూశాను, దూరంగా పెట్టుకుని చూశాను. "ఆట పట్టిస్తున్నావా, రెండూ ఒకటేగా" అన్నాను. ఆవిడ నవ్వింది. నేను నవ్వకపోయేసరికి నవ్వు ఆపేసింది. నా చేతిలోంచి సూది మెల్లగా తీసుకుని, "కుట్టుపని తర్వాత చూసుకుందాం గానీ, నిన్న నీలం గురించి ఆ అబ్బాయి అన్నమాట ఒకసారి ఆలోచించు" అంది.

ఇంటికొచ్చి తొట్టి పుస్తకం తీశాను. నాటకానికి ఏ ఘట్టంలో ఏ దీపం ఎంతో రాసుకున్నట్టే, తొట్టికీ తేదీలు వేసి రాసుకున్నాను కదా. నలభై ఐదు, యాభై ఐదు, డెబ్బై, ఎనభై ఐదు. పక్కనే నాటకం పుస్తకం తెరిచాను. అందులోనూ ఏడాదిగా ప్రతి నాటకానికీ నీలం మెట్లెక్కుతూనే ఉంది. అంకెలకు రంగు లేదు కాబట్టి అవి మాత్రం నాకు సరిగ్గానే కనిపించాయి.

మర్నాడు షాపు తెరవకముందే వెళ్లి గుమ్మం దగ్గర నిలబడ్డాను. మీటరు కావాలన్నాను. ఆయన ఒక్క మాట కూడా దెప్పలేదు. దెప్పితేనే బాగుండేది. పైరాయి మీద, కొమ్ముల పగడం దగ్గర మూడు వందలు దాటకూడదని, పెద్దావిడ రాయి దగ్గర నూట ఇరవై చాలని చెప్పి పంపాడు. ఇంటికొచ్చి మీటరు కొసను నీళ్లలోకి దించి పెద్దావిడ పక్కన పెట్టాను. మూడు వందల ఎనభై. తీసి తుడిచి మళ్లీ పెట్టాను. మూడు వందల ఎనభై. తినగలిగినదానికి మూడు రెట్లు, రోజుకు ఎనిమిది గంటలు, నెల పైచిలుకు ఆవిడ నోట్లో కుక్కాను. ఆవిడ మొహం తిప్పుకున్నకొద్దీ ఇంకా కుక్కాను.

కొమ్ముల పగడం పోయింది. మొత్తం పోయింది. దాని మీద ఆశ పెట్టుకోకు.

ఇప్పుడు అసలు సంగతి. కుట్టుగదిలో దారం ఉండలు చూశాకే నా కంటి సంగతి నాకు తెలిసిందని ఇంతవరకూ చదివి నువ్వు అనుకుంటావు. నిన్నటిదాకా అలాగే అనుకోనిద్దామని నేనూ అనుకున్నాను. అది నిజం కాదు. నువ్వు ఓడెక్కడానికి నెల ముందు, నాటకశాల వాళ్లు ఏటా చేయించే పరీక్షల్లో కంటి డాక్టరమ్మ చెప్పింది, రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరాయని, త్వరగా ఆపరేషన్ చేయించుకోవాలని. చీటీ కూడా రాసిచ్చింది. ఆ చీటీని మడిచి, లైట్ల ముందు పెట్టే రంగు కాగితాల పెట్టెలో నీలం కట్ట అడుగున దాచాను. నువ్వు ఆ పెట్టె తెరవవని తెలుసు. మర్నాడు నువ్వు సామాన్లు సర్దుకుంటూ, "అన్నీ బాగానే ఉన్నాయిగా అమ్మా, నేను వెళ్లొచ్చుగా?" అని అడిగావు. అన్నీ బాగానే ఉన్నాయన్నాను.

చెబితే నువ్వు ప్రయాణం మానుకుంటావని దాచానని నాకు నేను చెప్పుకున్నాను. అందులో కొంత నిజముంది, మొత్తం లేదు. లైట్లమ్మకు కళ్లు పోతున్నాయట అని ఒక్కరికి తెలిసినా నన్ను బోర్డు ముందు నుంచి లేపేస్తారని భయపడ్డాను. ఆ కుర్చీలోంచి లేస్తే నేనెవరిని? నీ కోసం దాచానని చెప్పుకోవడం తేలిక. నా కోసం దాచాను. దానికి మూల్యం నీ పెద్దావిడ చెల్లించింది. ఈ రెండు వాక్యాలు రాయడానికి పొద్దుటినుంచి కూర్చున్నాను.

ఇక ఏం చేశానో చెబుతాను. ఏడుస్తూ కూర్చోలేదు, ఆ భయం పెట్టుకోకు. మీటరు తెచ్చిన రోజే నీలం దించేశాను. వెలుగు ఇంకా మెత్తబడాలని పెద్దమ్మ కుట్టుగదిలోంచి తెల్లటి వల తెచ్చింది, పాత నాటకంలో రాకుమారి ముసుగుది. రెండు మడతలు వేసి చట్రానికి బిగించి తొట్టిమీద పరిచాం. పెద్దావిడ రాయి దగ్గర మీటరు తొంభై చూపించేదాకా సవరించాం. రెండు వారాలకు ఒక మడత తీసి నూట ఇరవై చేశాం. మీటరు షాపాయనకు తిరిగి ఇవ్వలేదు, నాకూ ఒకటి తెప్పించమన్నాను. లైటు పెంచి తగ్గించే నాబుల మీద టేపు వేసేశాను. ఆ టేపు మీటరు చూడకుండా పీకనని పెద్దమ్మ ముందు మాటిచ్చాను.

తర్వాత నాటకశాలకు వెళ్లి దర్శకుడికి చీటీ చూపించాను. "బాబూ, దీపాలు మంచివే, బోర్డు మంచిదే, పాతబడింది నా కన్ను. ఆ రోజు నిన్ను కసిరినందుకు ఏమీ అనుకోకు" అన్నాను. అందరి ముందే అన్నాను, కసిరింది అందరి ముందే కదా. అతను చీటీ చదివి నా చేతికిచ్చాడు. ఆ తర్వాత, "ఏడాది కిందటి అంకెలు పుస్తకంలో ఉన్నాయిగా అమ్మా, మీరొచ్చేదాకా వాటితో నడుపుతాం. కుర్చీ ఎక్కడికీ పోదు" అన్నాడు. ఇన్నాళ్లూ నేను భయపడింది ఈ మాటకా అని నాకే సిగ్గేసింది.

పన్నెండు రోజుల కిందట కుడికంటికి ఆపరేషన్ అయింది. పెద్దమ్మ మకాం అందుకే. వంగకూడదు, బరువెత్తకూడదు, తొట్టిలో నీళ్లు పోయడం కూడా ఆవిడే. ఎప్పటిమాదిరి చెంబుతో ఒక్కసారి కుమ్మరించబోతే కేకలు పెట్టాల్సొచ్చింది. కట్టు విప్పిన పొద్దున డాక్టరమ్మ, "ఏం కనిపిస్తోంది?" అని అడిగింది. పెద్దమ్మ స్వెటరు కనిపించింది. రెండేళ్లుగా ఆవిడ ఆ బూడిదరంగు స్వెటరే వేస్తోందని విసుక్కునేదాన్ని. అది నీలం. నిలువునా నీలం. "ఎప్పుడు కొన్నావక్కా ఇది?" అన్నాను. "రెండేళ్లుగా ఇదేనే" అని ఆవిడ కళ్లు తుడుచుకుంది. నేను మాత్రం ఏడవలేదు, కంటికి నీళ్లు తగలకూడదన్నారు.

ఇంటికొచ్చి తొట్టి ముందు కూర్చున్నాను. ఎడమకన్ను మూసి చూశాను, కుడికన్ను మూసి చూశాను. ఒకే గాజు వెనక రెండు వేరువేరు తొట్లు. శుక్లం పసుపు తెరలా అడ్డుపడి ముందు నీలాన్నే మింగేస్తుందని డాక్టరమ్మ చెప్పింది. అప్పుడు పెద్దమ్మను బతిమాలాను, టేపు తీసి, వల పక్కకు జరిపి, ఐదంటే ఐదు సెకన్లు నీలం ఎనభై ఐదు పెట్టి చూపించమని. "మాటిచ్చావు, గుర్తుందా" అంది. పీకేది నువ్వు, నేను కాదు అన్నాను. ఆవిడ పెట్టింది. కొత్త కన్ను తట్టుకోలేకపోయింది, మూడో సెకనుకే మొహం తిప్పుకున్నాను. తిప్పుకోవడానికి నాకు మెడ ఉంది. వెంటనే టేపు కొత్తది వేయించాను.

వచ్చే సోమవారం ఎడమకంటికి ఆపరేషన్. ఈ ఉత్తరం నీకు చేరేసరికి అదీ అయిపోయి ఉంటుంది, కాబట్టి కంగారుపడి చేయగలిగిందేమీ లేదు. ఒక కన్ను కొత్తది, ఒక కన్ను పాతది, అద్దాలు ఇంకా ఇవ్వలేదు, అందుకే అక్షరాలు ఇలా ఊగుతున్నాయి. నన్ను తిట్టు. తిట్టే హక్కు నీకుంది, నాలుగు పేజీలు తిట్టు, పడతాను. కానీ ఓడ దిగి వచ్చేస్తానని మాత్రం అనకు. నువ్వు వెళ్లిన పని ఇంకా నాలుగు నెలలుంది, అది పూర్తి చేసుకునే రా. కష్టంగా ఉంటే తొట్టి షాపాయనకు ఇచ్చెయ్యమన్నావు. ఇవ్వను. పాడుచేసింది నేను, బాగుచేసేదీ నేనే. కొమ్ముల పగడం పోయిన చోట ఖాళీగానే ఉంచాను, అక్కడ ఏం పెట్టాలో నువ్వొచ్చి చెబుదువుగాని. పెద్దావిడ సంగతి నేను చూసుకుంటాను, రోజూ మీటరు పెట్టి, పుస్తకంలో రాసి, నువ్వు గుమ్మంలోకి వచ్చేదాకా.

పెద్దావిడ చేతుల మధ్య ఇల్లు పోగొట్టుకున్న చేపలు రెండూ నెలరోజులు మోటారు గొట్టం పక్కన కాపురం పెట్టాయి. మొన్న మళ్లీ పెద్దావిడ దగ్గరికి వచ్చి, ఇరుకైనా సరే అక్కడే సర్దుకున్నాయి.

నీ ఐదో ప్రశ్నకు జవాబు మూడు. పదకొండింట్లో మూడు తలలు మిగిలాయి. ఎడమకంటితో లెక్కపెట్టాను, కుడికంటితో లెక్కపెట్టాను, రెండూ మూడే అన్నాయి. ఆ మూడూ ఇవాళ పొద్దున చేతులు పూర్తిగా చాచాయి. ఇన్నాళ్లుగా నువ్వు చివర్లు ఊదారంగు అంటుంటే ఔనౌనని తలూపేదాన్ని, రెండు ఉత్తరాల్లో నిగనిగలాడుతోందని రాశాను కూడా. నాకు ఏళ్లుగా అవి మట్టిరంగులోనే కనిపించాయి తల్లీ. ఇవాళ కుడికంటితో చూశాను. నువ్వు చెప్పింది నిజమే, చివర్లు ఊదారంగే.

ఇట్లు,
ఇకమీదట నీలం కొలిచి మాత్రమే పోసే
మీ అమ్మ